బండలు కోసేటప్పుడు కుర్రవాళ్లు మాస్కు తీసేస్తున్నారు: ఏది కొనాలి, ఎలా పెట్టించాలి?

1. వంటగట్టు మేస్త్రీ (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. నేను పన్నెండేళ్లుగా హైదరాబాద్ అపార్టుమెంట్లలో వంటగది గట్లకు గ్రానైట్, క్వార్ట్జ్ బండలు కోసి బిగించే పని చేయిస్తున్నాను. నా దగ్గర ఏడుగురు పనివాళ్లున్నారు. వారిలో నలుగురు రాజస్థాన్ నుంచి వచ్చినవారు, ముగ్గురు మహబూబ్‌నగర్ వైపువారు. బండను యార్డులో కొలతకు కోసి తెచ్చినా, సింకుకూ స్టవ్‌కూ కన్నాలు కోయడం, అంచులు గుండ్రంగా మలచడం, గోడ మూలకు తగ్గట్టు సరిచేయడం ఫ్లాటులోనే చేతి గ్రైండరుతో చేయాల్సి వస్తుంది.

గత నెల ఒక ఇంట్లో తెల్ల క్వార్ట్జ్ బండకు సింకు కన్నం కోస్తుండగా నేను లోపలికి వెళ్లాను. దుమ్ము వస్తోందని పక్క ఫ్లాటువారు గొడవ చేశారట, అందుకని కిటికీలు మూసేశారు. ట్యూబులైటు వెలుగుతోందని తెలుస్తోంది గాని గొట్టం కనిపించడం లేదు. కుర్రవాడి కనుబొమలూ రెప్పల వెంట్రుకలూ సున్నం అద్దినట్టు తెల్లబడి ఉన్నాయి. ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకున్నాడు. నేను పెట్టె కొనిచ్చిన నీలం మాస్కు మాత్రం చొక్కా జేబులో మడత విప్పకుండా ఉంది. అడిగితే, "అన్నా, అది పెట్టుకుంటే ఊపిరాడదు, పది నిమిషాలకే చెమటకు మూతికి అతుక్కుపోతుంది, తువ్వాలే నయం" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు మనసు కుదుటపడలేదు. ఏ మాస్కు కొనాలి, ఒకసారి పెట్టుకున్నాక తీసేయకుండా ఉండాలంటే ఏం చేయాలి, తీసేసినవారికి రోజుకు ఇంతని జరిమానా వేయడం సబబేనా అన్న మూడు విషయాల్లో అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

2. ఛాతీ వైద్యురాలు (వరంగల్)

మేస్త్రీ గారూ, ముందుగా ఆ నీలం మాస్కు సంగతి చెబుతాను. అది శస్త్రచికిత్స గదిలో మా నోటి తుంపరలు రోగి గాయం మీద పడకుండా ఆపడానికి తయారైనది. దాని పక్కల నుంచి గాలి ధారాళంగా వస్తుంది కాబట్టి రాతి దుమ్ము ముందు అది ఉన్నా లేనట్టే. మీ కుర్రవాడు దానిని తీసేసినందువల్ల పెద్దగా కోల్పోయిందేమీ లేదు, అయితే తడి తువ్వాలు కూడా అతన్ని కాపాడదు. పని అయ్యాక తువ్వాలు మీద బురద మరక కనిపిస్తుంది గనుక దుమ్మంతా అక్కడే ఆగిందని వాళ్లు నమ్ముతారు. నిజానికి అక్కడ ఆగినది పెద్ద నలుసు. దానిలో చాలా భాగాన్ని ముక్కే ఆపగలదు. ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్లేది సుమారు నాలుగు మైక్రాన్లలోపు నలుసు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే అదెంత సన్నమో ఊహించవచ్చు. అది కంటికి కనిపించదు, బట్ట పోగుల సందుల్లోంచి సులువుగా దూరిపోతుంది, గ్రైండరు ఆపాక కూడా గంటల తరబడి గదిలో తేలుతూనే ఉంటుంది.

రాతిలోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తిలో చేరితే, దానిని మింగి శుభ్రం చేయడానికి వచ్చిన కణాలే చచ్చిపోతాయి. ఆ చోట పుండు మానిన మచ్చ వంటి గట్టి కండ ఏర్పడుతుంది. అదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లకు పైగా దుమ్ము పీల్చినవారికి వస్తుంది, దుమ్ము మరీ ఎక్కువైతే ఐదు పదేళ్లలోనే, ఇంకా ఉధృతమైతే అంతకన్నా ముందే వస్తుంది. ఒకసారి పడిన మచ్చ పోదు, దానిని పోగొట్టే మందు లేదు, పని మానేశాక కూడా జబ్బు ముదరవచ్చు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం చాలా ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే పీల్చే స్ఫటిక సిలికాను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

మీరు రాసినదానిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది "తెల్ల క్వార్ట్జ్" అన్న మాట. క్వార్ట్జ్ అంటే ఈ స్ఫటిక సిలికాయే. సహజమైన గ్రానైట్‌లో అది ఐదో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. కర్మాగారంలో రెజిన్ కలిపి తయారుచేసే క్వార్ట్జ్ బండల్లో సిలికా తొంభై శాతం దాకా ఉండవచ్చు. రెండింటికీ గ్రైండరు ఒకటే, రెండింటినీ కోసే చప్పుడూ ఒకటే, అందుకని పనివాడికి తేడా తెలియదు.

3. విశ్రాంత తనిఖీ అధికారి (విజయవాడ)

జరిమానా ఆలోచనను దయచేసి విరమించుకోండి. ఫ్యాక్టరీల తనిఖీ విభాగంలో నేను పనిచేసిన కాలంలో ఎక్కడ మాస్కుకు జరిమానా పెట్టారో అక్కడ నేను గేటు దాటేసరికి అందరి ముఖాల మీదా మాస్కులుండేవి, వెనుక వైపు నుంచి తిరిగి వచ్చేసరికి గడ్డాల కింద వేలాడుతుండేవి. జరిమానా మనిషికి దాచడం నేర్పుతుంది. పైగా కూలిలో కోత వేయడానికి చట్టం కఠినమైన షరతులు పెట్టింది, యజమాని తనకు తోచినట్టు వేయడానికి వీల్లేదు.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు మాటలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను దుమ్మును పుట్టిన చోటుకు వీలైనంత దగ్గరలోనే పీల్చివేసే ఏర్పాటు చేయమన్నది. మాస్కు ఇచ్చి ఊరుకోమని అది చెప్పలేదు. 35వ సెక్షను కళ్ల రక్షణ గురించి. యజమాని సమకూర్చవలసిన పరికరాలకు పనివాడి దగ్గర ఒక్క రూపాయి వసూలు చేయరాదని 114వ సెక్షను చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతిలోనూ ఈ నియమం ఉంది. బూట్ల డబ్బు మొదటి నెల కూలిలో పట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది. అది తప్పని చాలామంది మేస్త్రీలకు నిజంగానే తెలియదు.

ఆ పాత ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలులో దుమ్ముకు ఒక లెక్క ఉండేది. దుమ్ములో ఉన్న క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి, 10ని దానితో భాగిస్తే, ఘనపు మీటరు గాలిలో ఉండదగిన సన్నని దుమ్ము ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. ముప్పై శాతం క్వార్ట్జ్ ఉన్న రాయికి 0.31, తొంభై శాతం ఉన్న బండకు 0.11. డాక్టరమ్మ గారు చెప్పిన తేడా ఈ అంకెల్లో కనిపిస్తుంది. కిటికీ మూసిన వంటగదిలో ట్యూబులైటు కనిపించనంత దుమ్ము ఉందంటే ఆ పరిమితిని ఎన్ని రెట్లు దాటిందో కొలవకుండానే ఊహించవచ్చు, అంత దుమ్ములో ఏ మాస్కూ ఒంటరిగా సరిపోదు.

కాబట్టి మీ ప్రశ్నను కొంచెం తిప్పి చూడమని నా మనవి. మనిషికి ఏం తొడగాలి అన్నది చివరి ప్రశ్న. ఆ కోత అసలు ఆ గదిలోనే జరగాలా, పొడిగానే జరగాలా అన్నవి దానికి ముందు రావాలి.

4. చీమకుర్తి పాలిష్ (ప్రకాశం జిల్లా)

నేను పదహారేళ్లుగా పాలిష్ ఫ్యాక్టరీలలో పనిచేస్తున్నాను, అందులో మొదటి ఆరేళ్లు చేతి గ్రైండరు మీదే గడిచాయి. పెద్దలు చెప్పినవన్నీ నిజమే, అయితే మాస్కు ఎందుకు తీసేస్తామో పని చేసేవాడి వైపు నుంచి కూడా ఎవరైనా చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

అంచు మలిచే పనికి కూలి అడుగుల లెక్కన ఉంటుంది. ఎండాకాలంలో రేకుల షెడ్డులో వంగి కూర్చుని, రెండు చేతులతో గ్రైండరు పట్టుకుని, ముక్కు బండకు జానెడు దూరంలో పెట్టి పని చేస్తాం. మాస్కు లోపల ఊపిరి వేడిగా తిరిగి ముఖానికే తగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకుంటే ఆ ఊపిరి ఆవిరై అద్దాలకు పడుతుంది, గీత కనబడదు. గీత తప్పితే బండ పాడవుతుంది, పాడైన బండ ఖరీదు మా లెక్కలో పడుతుంది. అప్పుడు ముందు తీసేది కళ్లద్దాలు, తరవాత మాస్కు. పైగా పక్కవాడితో మాట్లాడాలన్నా, ఫోను వచ్చినా, బీడీ కాల్చాలన్నా, నీళ్లు తాగాలన్నా తీయాల్సిందే, తీసింది దుమ్ము బండ మీద పెట్టాల్సిందే. మళ్లీ పెట్టుకుంటే లోపలి వైపే దుమ్ము ఉంటుంది. ఇదంతా మొండితనం అనుకోకండి.

నాకు మాస్కు అలవాటైనది రెండు మార్పుల వల్ల. ఒకటి, మా షెడ్డులో గాలితో నడిచే నీటి గ్రైండర్లు తెచ్చారు, దాంతో దుమ్ము బురదగా కిందికి జారిపోతుంది. రెండోది, ఊపిరి బయటికి వదిలే చిన్న మూత ఉన్న మాస్కు ఇచ్చారు. ఆ మూత వల్ల వేడి లోపల నిలవదు. మొదటి వారం గంటకు పది నిమిషాలు బయటికెళ్లి కూర్చునే వీలిచ్చారు, ఆ పది నిమిషాలకు కూలి కోయలేదు. అడుగుల లెక్క పెట్టి, విరామం లేకుండా చేసి, మాస్కు తీశావని తిట్టడంలో న్యాయం లేదు మేస్త్రీ గారూ. మిమ్మల్ని నొప్పించాలని కాదు, అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఇంకొక మాట. పెద్ద యంత్రాల దగ్గర ఎటూ నీళ్లుంటాయి గనుక దుమ్ము భయం లేదనుకుంటారు. ఆ నీటి బురద నేల మీద ఆరిపోయాక సాయంత్రం చీపురుతో ఊడుస్తారు చూడండి, రోజంతా లేని దుమ్ము ఆ అరగంటలో లేస్తుంది. ఊడ్చేది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లకు మాస్కు ఇవ్వాలని ఎవరికీ తోచదు. తడిపి గరిటెతో ఎత్తాలి, పొడిగా ఊడ్వకూడదు.

5. వంటగట్టు మేస్త్రీ (హైదరాబాద్)

నొచ్చుకోవడమేమీ లేదు అన్నా, మా దగ్గరా అడుగుల లెక్కే, మీరు రాసినది చదివి రెండు రోజులు ఆలోచనలో పడ్డాను. జరిమానా మాట వదిలేశాను. అయితే గాలితో నడిచే ఆ గ్రైండరుకు కావలసిన కంప్రెసరును ఫ్లాటులో పెట్టడం కుదరదు. మా కుర్రవాళ్లలో ఒకడు సీసాతో నీళ్లు పోస్తుంటే ఇంకొకడు మామూలు గ్రైండరుతో కోస్తాడు, దుమ్ము బాగా తగ్గుతుంది. అలా చేయించవచ్చా?

6. కరెంటు మేస్త్రీ (కరీంనగర్)

దయచేసి ఆ పని ఈ రోజే ఆపించండి. మామూలు గ్రైండరు లోపలి మోటారును చల్లబరచడానికి ఒంటి మీద గాలి సందులుంటాయి. సీసాతో పోసిన నీరు చక్రానికి తగిలి చిమ్మి ఆ సందుల్లోకే వెళుతుంది. పట్టుకున్నవాడి కాళ్లు తడి నేల మీద ఉంటాయి, ఎక్స్‌టెన్షన్ బోర్డు అదే నీటిలో పడి ఉంటుంది. ఊపిరితిత్తిని కాపాడబోయి గుండెను ఆపుకున్నట్టవుతుంది. ఇలాంటి చోట షాక్ కొట్టి పడిపోయినవాడిని నేను స్వయంగా ప్లగ్గు పీకి విడిపించాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీటి గొట్టం బిగించుకునేలా తయారైన రాతి కోత యంత్రాలు వేరే దొరుకుతాయి. వాటితో కోసేటప్పుడు కూడా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ద్వారానే కరెంటు ఇవ్వాలి. కరెంటు మనిషి ఒంటి గుండా భూమిలోకి పోవడం మొదలుపెట్టగానే అది రెప్పపాటులో సరఫరాను తెంచేస్తుంది. కొత్త అపార్టుమెంట్లలో అది పెట్టెలో ఉండవచ్చు, ఉందని నమ్మవద్దు, మీదంటూ ఒకటి బోర్డులో బిగించి వెంట తీసుకెళ్లండి. పని మొదలుపెట్టే ముందు దాని మీద ఉన్న పరీక్ష మీట నొక్కి, పడిపోతుందో లేదో చూడండి. అయితే రెండు తీగలనూ ఒకేసారి ముట్టుకున్నవాడిని అది కాపాడలేదు, కాబట్టి తెగిన వైరుకు టేపు చుట్టి నడిపించే పద్ధతి మానాలి. వంటింట్లో గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని కరెంటు భయం లేదనుకోవడం కూడా పొరపాటు. కరెంటు పనికి పరీక్షించిన తొడుగులకు ఐఎస్ 4770 అన్న ప్రమాణం వేరే ఉంది.

నీరు అసలు వీలుకాని చోట, గ్రైండరు చక్రానికి చుట్టూ డిప్పలాంటి తొడుగు బిగించి దానికి దుమ్ము పీల్చే యంత్రం తగిలించే ఏర్పాటు ఉంది. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ మాత్రం పనికిరాదు, సన్నని దుమ్మును వెనుక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. సన్నని దుమ్మును కూడా పట్టి ఉంచే హెపా వడపోత ఉన్నది కావాలి.

7. పరవాడ సేఫ్టీ (అనకాపల్లి జిల్లా)

మందుల కంపెనీలో భద్రతాధికారిగా పనిచేస్తున్నాను. మీరు అడిగిన మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు కాబట్టి మాస్కు ఎంపిక నేను చెబుతాను.

దుమ్ము మాస్కుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 9473. ఆ అంకె, ఐఎస్ఐ గుర్తు, ఎఫ్‌ఎఫ్‌పీ2 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 అన్న తరగతి మాస్కు మీదే అచ్చు వేసి ఉండాలి. రాతి కోతకు ఎఫ్‌ఎఫ్‌పీ1 చాలదు. చెవులకు తగిలించుకునే రకం కొనకండి, తల వెనుక రెండు పట్టీలుండే రకమే ముఖానికి గట్టిగా నిలుస్తుంది. రెండు పట్టీలూ మెడ మీదే వేసుకుంటారు చాలామంది. పైది నడినెత్తి వెనుక, కిందిది చెవుల కింద మెడకు రావాలి.

అసలు కిటుకు ముక్కు దగ్గర ఉంది. ముక్కు మీది రేకును ఒక చేత్తో గిల్లితే మధ్యలో కోణంలా వంగి పక్కన సందు మిగులుతుంది. రెండు చేతుల వేళ్లతో నడిమి నుంచి చెంపల వైపు నొక్కుతూ పోవాలి. తరవాత రెండు అరచేతులూ మాస్కు మీద కప్పి గట్టిగా ఊపిరి వదలాలి. కళ్ల వైపు చల్లగా తగిలితే పైన సందు ఉన్నట్టు. చీమకుర్తి అన్నగారు అద్దాలకు ఆవిరి పడుతుందన్నారు కదా, ఆ ఆవిరి కూడా మాస్కు పైఅంచు ముఖానికి ఆనలేదని చెప్పే గుర్తే. ఊపిరి బయటికి వచ్చే సందులోంచే దుమ్ము లోపలికి పోతుంది. మా దగ్గర కొత్తవాళ్లకు నేను ఈ ఒక్క సంగతే పదిసార్లు చెబుతాను, ఎందుకంటే ఆవిరి వారికి వారే చూసుకోగల పరీక్ష.

గడ్డం ఉంటే ఈ రకం మాస్కు ఏదీ ఆనదు. మూడు రోజుల గడ్డం కూడా సందు చేస్తుంది. మతాచారం వల్ల గడ్డం తీయలేనివారిని బలవంతపెట్టకుండా, కోత పని కాకుండా బిగింపు పనికి పెట్టండి, లేదా వదులుగా తల మీద దిగే, మోటారుతో శుభ్రమైన గాలి పంపే టోపీ రకం చూడండి. దాని ఖరీదు ఎక్కువే.

ముఖాలన్నీ ఒకటి కాదు. ఒకే కొలత పెట్టె కొని అందరికీ పంచకుండా, మూడు రకాలు తెచ్చి ఎవరికి ఏది ఆనుతుందో వారినే ఎంచుకోనివ్వండి. తాను ఎంచుకున్నదాన్ని మనిషి అంత తేలిగ్గా జేబులో పెట్టడు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ముఖం ముందు వేలాడే పారదర్శక రేకు ఒక్కటే చాలదు, కింది నుంచి ముక్క ఎగిరి వస్తుంది, కనుక లోపల ఐఎస్ 5983 గుర్తున్న గాగుల్స్ ఉండాలి. నాలుగంగుళాల గ్రైండరు చక్రం నిమిషానికి పదకొండు వేల సార్లు దాకా తిరుగుతుంది. చక్రం మీద రాసిన వేగం గ్రైండరు వేగం కన్నా తక్కువ ఉండకూడదు, చక్రం మీది కాపు రేకును విప్పకూడదు. వదులు నూలు తొడుగులు తిరిగే చక్రానికి చిక్కుకుని చేతిని లాగేస్తాయి, చేతికి బిగువుగా ఉన్నవే వాడాలి. మెడలో తువ్వాలు, చేతికి కడియం కూడా అంతే. చెవుల్లో దూది పెట్టుకుంటే మోత పెద్దగా తగ్గదు, నురుగు బిరడాలు వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి లాగి పెట్టుకోవాలి.

8. మెల్‌బోర్న్ తెలుగు

నేను ఇక్కడ భవన నిర్మాణ రంగంలో ఉన్నాను. ఆస్ట్రేలియాలో కృత్రిమ క్వార్ట్జ్ బండల తయారీ, అమ్మకం, కోత, బిగింపు అన్నిటినీ 2024 జులై 1 నుంచి నిషేధించారు. వంటగది గట్లు కోసే కుర్రవాళ్లలో, ముప్పై నలభై ఏళ్ల వయసులోనే సిలికోసిస్ బయటపడుతూ ఉండటమే కారణం. నీటితో కోయండి, మాస్కు పెట్టుకోండి, గాలిలో సిలికా దుమ్మును ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటనివ్వకండి అని నిబంధనలు పెట్టినా జబ్బు ఆగలేదు గనుకే చివరికి వస్తువునే వద్దన్నారు. ఈ మాస్కు వాడేవారు ఇక్కడ నున్నగా గడ్డం గీసుకునే పనిలోకి రావాలి, ముఖానికి ఆనుతోందో లేదో పరీక్ష చేస్తారు.

మన దగ్గర ఆ బండల మీద అలాంటి నిషేధం లేదు, కనుక ఎంపిక మేస్త్రీ చేతిలో, ఇంటివారి చేతిలో ఉంది. ఇంటివారికి బండలు చూపించేటప్పుడు మీరే ఒక మాట చెప్పవచ్చు కదా. చీమకుర్తి గెలాక్సీ నల్లరాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటాం గాని, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి, దానిలో క్వార్ట్జ్ బహు తక్కువ. మచ్చలేని తెల్ల గట్టు కావాలని పట్టుబట్టే ఇంటివారికి ఆ తెల్లదనం ఎవరి ఊపిరితిత్తుల మీద పడుతోందో తెలిస్తే కొందరైనా మనసు మార్చుకుంటారని నా నమ్మకం.

9. తాండూరు ఇల్లాలు

ఇక్కడ ఎక్కువగా మగవాళ్లే రాస్తున్నారని వెనుకాడాను గాని, చెప్పవలసిన సంగతి ఒకటుంది. మా ఆయన పద్దెనిమిదేళ్లు హైదరాబాద్‌లో బండల పని చేశారు. రోజూ రాత్రి ఇంటికి వచ్చి, వాకిట్లో చొక్కా విప్పి గోడకు టపటప కొట్టి లోపలికి వచ్చేవారు. ఆ దుమ్ములోనే పిల్లలు ఆడుకునేవారు. ఆ బట్టలు నేను ఉతికేదాన్ని. ఉతికే ముందు నేనూ ఒకసారి దులిపేదాన్ని, లేకపోతే బకెట్టు అడుగున బురద పేరుకునేది. ఎవరూ మాకు తప్పని చెప్పలేదు. దగ్గు వస్తే క్షయ అన్నారు, ఆరు నెలలు మందులు మింగారు, తగ్గలేదు. ఏం పని చేస్తావని అడిగిన మొదటి డాక్టరు మాకు నాలుగో ఏడు దొరికారు. ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటున్నారు, బావి దాకా నడిచి వచ్చి ఆయాసంతో గట్టు మీద కూర్చుంటారు.

మేస్త్రీ గారూ, మీ కుర్రవాళ్లకు పని దగ్గరే బట్టలు మార్చుకునే ఏర్పాటు చేయండి. పని బట్టలను ముందు తడిపి, ఆ తరవాత ఉతకమని చెప్పండి. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకూ ఈ సంగతి చేరేలా చూడండి.

10. ఛాతీ వైద్యురాలు (వరంగల్)

అమ్మా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. క్షయ మందులకు తగ్గని దగ్గుతో వచ్చిన మనిషిని ఏ పని చేస్తావని అడగకపోవడం మా వృత్తిలో జరుగుతున్న పెద్ద లోపం. సిలికోసిస్ పాత ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో చేర్చిన జబ్బు. ఫ్యాక్టరీ పనివాడిలో దానిని గుర్తించిన వైద్యుడు ప్రధాన తనిఖీ అధికారికి తెలియజేయాలని ఆ చట్టం చెప్పింది. పాత ఉద్యోగుల పరిహార చట్టంలోనూ దీనిని వృత్తి వ్యాధిగా గుర్తించారు. మీవారి పాత ఎక్స్‌రేలు, ఎక్కడెక్కడ ఎన్నేళ్లు పనిచేశారన్న వివరాలు ఒక కాగితం మీద రాసి భద్రపరచండి, అవి అవసరమవుతాయి.

మేస్త్రీ గారూ, మీ దగ్గర ఐదేళ్లు దాటినవారందరికీ ఒకసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష చేయించండి. జబ్బు మొదటి దశలో దగ్గు కూడా ఉండకపోవచ్చు.

11. వంటగట్టు మేస్త్రీ (హైదరాబాద్)

ఏడు వారాల తరవాత రాస్తున్నాను. సింకు, స్టవ్ కన్నాలన్నీ ఇప్పుడు యార్డులోనే నీటి యంత్రం మీద కోయిస్తున్నాను. ఇందుకోసం కొలత ముందే పక్కాగా తీసుకోవాలి కాబట్టి అట్టముక్కతో నమూనా కోసి పంపుతున్నాం. మొదటి రెండు ఇళ్లలో కొలత తప్పి నష్టపోయాను, తరవాత కుదిరింది. ఫ్లాటులో మిగిలింది చిన్న సవరింపు మాత్రమే. దానిని బాల్కనీలో, డిప్ప తొడుగు, హెపా వాక్యూమ్ ఉన్న గ్రైండరుతో చేస్తున్నారు. ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు పెట్టెతో సహా వెంట వెళుతోంది. అంచు పనికి అడుగుల లెక్క తీసేసి రోజు కూలి పెట్టాను.

మాస్కులు మూడు రకాలు తెచ్చి చాప మీద పరిచి, ఎవరికి వారిని ఎంచుకోమన్నాను. ఏడుగురిలో నలుగురు ఒక రకం, ఇద్దరు ఇంకో రకం తీసుకున్నారు. ఏడో మనిషి రాజస్థాన్ ఆయన, వయసు నలభై దాటింది, గుబురు గడ్డం. ఆయన చేతిలో మాస్కు తిప్పుతూ, తమ ఊళ్లో రాళ్ల గనిలో పనిచేసిన అన్న ఈ జబ్బుతోనే పోయాడని, తమ రాష్ట్ర ప్రభుత్వం 2019లో సిలికోసిస్ వారికోసం తెచ్చిన విధానం కింద వదినకు సాయం అందిందని చెప్పాడు. పన్నెండేళ్లలో ఎన్నడూ ఆ మాట నాతో అనలేదు. మర్నాడు గడ్డం తీసేసుకుని వచ్చాడు.

డాక్టరమ్మ గారూ, ఏడుగురికీ ఎక్స్‌రే తీయించాను. ఆరుగురివి బాగున్నాయన్నారు. ఈయన ఎక్స్‌రేలో రెండు వైపులా పైభాగంలో చిన్న చిన్న చుక్కలున్నాయని రాశారు. దగ్గు లేదు, ఆకలి బాగానే ఉంది. ఏం చేయమంటారు?

12. ఛాతీ వైద్యురాలు (వరంగల్)

రెండు వైపులా పైభాగంలో చిన్న చుక్కలు సిలికోసిస్‌లో కనిపించే తీరే, క్షయలోనూ కనిపించవచ్చు. కాబట్టి ముందు కఫం పరీక్ష చేయించి క్షయ లేదని తేల్చుకోవాలి. ఎర్రగడ్డ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎన్నేళ్లు ఏ రాయి కోశారో మీరే దగ్గరుండి చెప్పండి. నిర్ధారణ ఏదైనా ఇక మీదట ఆయన దుమ్ములోకి వెళ్లకూడదు, మాస్కు ఉన్నా వెళ్లకూడదు. పొగ తాగే అలవాటుంటే మానిపించండి.

13. వంటగట్టు మేస్త్రీ (హైదరాబాద్)

అలాగేనండి. ఆయనకు అట్ట నమూనాలు తీసే పని అప్పగించాను. కొలతల్లో మా అందరికన్నా ఆయన చేయి నికరం. కూలి తగ్గించలేదు. రేపు ఉదయం ఎర్రగడ్డకు ఇద్దరం వెళుతున్నాం.